ఆటకు ఫలితం కావాలా?

వేసవిలో నగరాల్లో ఆధునిక నర్తకులకు శిబిరాలు నడుస్తాయి. ప్రదర్శన వుండదు, ఆడుతూ వెతుక్కోవడమే అక్కడి పని. ఇది తీరికవర్గపు విలాసమని మన మిత్రులు కొందరంటారు. నేనొప్పుకోను. ఫలితం చేతికందని శ్రమకు విలువ లేదనడం సరుకు కొనేవాడి తర్కం. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథను ఆయుధం చేసింది, నిజమే. ఆయుధం కాని ఆటంతా వృథా అని దానర్థమా?

భద్రాచలం అడవుల దారిలో చండ్రుగొండ వుంది. ఆ చుట్టుపట్ల కోయపల్లెల్లో రేల ఆడేటప్పుడు సాధన వేరు, ప్రదర్శన వేరు కావు. వచ్చినవాళ్లు వరుసలో కలుస్తారు, అలిసినవాళ్లు తప్పుకుంటారు. ఆ ఆటనే మంత్రిగారి స్వాగతానికి పది నిమిషాలకు కుదించి చూడండి: కొమ్ములూ డోళ్లూ మిగులుతాయి, అంతే.

అయితే అసలు పేచీ తీరిక దగ్గర వుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ అడవుల్లో తునికాకు కోత. బడి సెలవులిచ్చిన పిల్లలు కూడా తల్లుల వెంట తెల్లవారకముందే బయల్దేరుతారు. 50 ఆకులు వొక కట్ట. డబ్బు కట్టల లెక్కనే. వంగిన నడుముకు లెక్కలేదు. నగరపు నర్తకికి ఆడుకునే వేసవి, రేల ఆడే యింటి పిల్లకు కూలి వేసవి. శిబిరాలు మూయమని నేననను. ఆ తీరిక ఆ పిల్లకెందుకు లేదో, కట్టకు ఎంత యిస్తున్నారో అక్కడ కూడా అడగమంటాను.