ఉమ్మడి పాట, ఒంటరి లెక్క

ప్రతిభావంతులైన సంగీత బృందాలు ఎందుకు నిలవవన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. సభ్యుల అహంకారం ఒకటి, మద్యమూ మాదకద్రవ్యాలూ రెండవది. రెండింటికీ చరిత్రలో కావలసినన్ని నిదర్శనాలు ఉన్నాయి కనుక ఆ సమాధానాలను తోసిపుచ్చవలసిన పనిలేదు; కాని వాటిని రెండు వేర్వేరు జబ్బులుగా ఎంచి, ఒక బృందాన్ని ఇది కూల్చిందనీ మరొకదాన్ని అది కూల్చిందనీ తీర్పు చెప్పినప్పుడు అసలు విషయం మరుగున పడిపోతుంది. పలువురు కలిసి సృష్టించినదానిలో ఎవరికెంత చెందుతుందో తేల్చుకోవలసిన ఘడియ వచ్చినప్పుడు, ఒకరు తన వాటాను పెంచి చూసుకోవడమూ, మరొకరు ఆ లెక్క ముందు కూర్చోలేక మత్తులోకి జారిపోవడమూ ఒకే చిక్కులోంచి పుడతాయి, ఒకదాన్నొకటి పోషించుకుంటూ పెరుగుతాయి. 1968 నుంచి 1976 వరకు వెలిగిన ‘ది బ్యాండ్’ అనే ఉత్తర అమెరికా రాక్ బృందం చరిత్రలో ఈ పెరుగుదల మొదటినుంచి చివరిదాకా స్పష్టంగా కనిపిస్తుంది.

రాక్ సంగీతంలో బ్యాండ్ అంటే నలుగురైదుగురు వాద్యకారులు, గాయకులు ఒకే పేరు కింద, సమాన హోదాతో, తమ పాటలను తామే కట్టుకుని పాడుకునే బృందం. కర్ణాటక సంగీత కచ్చేరీలో గాయకుడు ప్రధానుడు, వయొలిన్, మృదంగం పక్కవాద్యాలు; ఎవరి పేరు ముందు వేయాలో, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలో వేదిక ఎక్కకముందే సంప్రదాయం నిర్ణయించి ఉంచుతుంది. ఆ వరుసలో పక్కవాద్యకారులకు అన్యాయం జరగలేదని ఎవరూ అనలేరు గాని, అక్కడ అన్యాయం కూడా అందరికీ తెలిసిన రూపంలోనే ఉంటుంది. బ్యాండ్‌లో అటువంటి వరుస ఏదీ లేదు. అందరూ సమానమన్న మాట మీద స్నేహితులుగా మొదలవుతారు, ఆ సమానత్వం పేరుకా, డబ్బుకా, పాట రూపాన్ని నిర్ణయించే అధికారానికా అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆకలి రోజుల్లో ఆ ప్రశ్న అవసరం రాదు. పేరూ సొమ్మూ వచ్చిన తరువాత అది వస్తుంది, అప్పటికి దాన్ని స్నేహంగా అడగగలిగే కాలం దాటిపోయి ఉంటుంది.

‘ది బ్యాండ్’ సభ్యులు ఐదుగురు. డ్రమ్స్ వాయించే లెవాన్ హెల్మ్ అమెరికాలోని అర్కాన్సాస్ రాష్ట్రంలో పత్తి పండించే కుటుంబంలో పుట్టాడు. గిటార్ వాయించే రాబీ రాబర్ట్‌సన్, బేస్ గిటార్ రిక్ డాంకో, పియానో రిచర్డ్ మాన్యుయెల్, ఆర్గాన్ గార్త్ హడ్సన్ కెనడాలోని అంటారియో రాష్ట్రానికి చెందినవారు. 1960ల మొదట్లో వీరంతా రానీ హాకిన్స్ అనే గాయకుడి వెనుక వాయించేవారు. హడ్సన్ శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు. క్లబ్బుల్లో వాయించడం తన ఇంటివారికి నచ్చదు కనుక, మిగిలినవారికి సంగీతం నేర్పే గురువుగా వారినుంచి వారం వారం కొంత సొమ్ము తీసుకునే ఏర్పాటు మీద బృందంలో చేరాడు. ఒకరి విద్యకు మరొకరు రుణపడిన సంగతిని ఇంత బాహాటంగా, ఇంత తేలికగా ఒప్పుకున్న సందర్భం ఆ బృందం చరిత్రలో మళ్లీ కనబడదు. 1965లో గాయకుడు బాబ్ డిలన్ తన ఎలక్ట్రిక్ వాద్య ప్రదర్శనలకు వీరిని తీసుకువెళ్లినప్పుడు ఆ ఎలక్ట్రిక్ మోత నచ్చని శ్రోతలు ఊరూరా గేలి చేయగా, భరించలేక హెల్మ్ కొన్నాళ్లు విడిపోయాడు. 1967లో న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ సమీపాన, గులాబీ రంగు వేసిన ఒక ఇంటి నేలమాళిగలో డిలన్‌తో కలిసి వీరు పాటలు కడుతూ రికార్డు చేసుకుంటున్న కాలంలో అతడు తిరిగి వచ్చాడు. 1968 జూలైలో ‘మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్’, 1969లో బృందం పేరుతోనే రెండవ ఆల్బమ్ వెలువడ్డాయి. 1970 జనవరిలో టైమ్ పత్రిక వారి బొమ్మను ముఖచిత్రంగా వేసింది.

వీరి సంగీతం ఎలా తయారయ్యేదో తెలియడానికి రెండవ ఆల్బమ్‌లోని ‘రాగ్ మామా రాగ్’ ఒక్కటి చాలు. ఆ పాటలో డ్రమ్మర్ హెల్మ్ డ్రమ్స్ వదిలి మాండలిన్ అందుకుని పాడాడు. పియానో వాయించవలసిన మాన్యుయెల్ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. డాంకో ఫిడేలు పట్టాడు. పియానో హడ్సన్ చేతికి వచ్చింది. బేస్ గిటార్ ఖాళీ అయినందువల్ల ఆ మంద్రస్వరాలను నిర్మాత జాన్ సైమన్ ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూరమీద ఊదాడు. చేయి తిరిగిన డ్రమ్మర్ కాని మాన్యుయెల్ కొట్టిన దెబ్బల్లోని వదులుతనమే ఆ పాట నడకకు ప్రాణమైంది. రచయితగా నమోదైన పేరు రాబర్ట్‌సన్ ఒక్కడిదే. పదాలూ బాణీ అతనివేనని ఒప్పుకున్నా, శ్రోత చెవిన పడుతున్నది ఆ పదాలూ ఆ బాణీ మాత్రమేనా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ప్రశ్నకు చట్టం తనదైన సమాధానం ఇచ్చింది. కాపీరైట్ చట్టం పాటను రెండుగా విడదీస్తుంది. సాహిత్యమూ బాణీ కలిసిన రచన ఒకటి, దాన్ని వాయించి పాడిన రికార్డింగు రెండవది. రికార్డు అమ్మకాలపై వచ్చే రాయల్టీ, అంటే ప్రతి విక్రయంపై చెల్లించే వాటా, బృందంలో అందరికీ అందవచ్చు. రచనపై వచ్చేది మాత్రం రచయితగా పేరున్నవారికీ, వారి ప్రచురణ సంస్థకూ చెందుతుంది. అమెరికాలో ఎ.ఎం., ఎఫ్.ఎం. రేడియోలో పాట ప్రసారమైన ప్రతిసారీ రచయితకు సొమ్ము ముడుతుంది, పాడినవారికి, వాయించినవారికి ముట్టదు. డ్రమ్స్ నడక, మూడు గొంతుల పొందిక, పాట మధ్యలో ఆర్గాన్ పూరించిన ఖాళీ చట్టం దృష్టిలో రచన కిందికి రావు. కనుక పదేళ్లు గడిచేసరికి, ఒకే వేదికపై ఒకే పాటకు చెమటోడ్చిన ఐదుగురిలో ఒకరి ఆదాయం తక్కినవారి ఆదాయానికి అందనంత ఎత్తుకు పోవడం ఎవరి కుట్రా అవసరం లేకుండానే జరుగుతుంది.

నమోదైన పేర్లను వరుసగా చూస్తే మార్పు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మొదటి ఆల్బమ్‌లో మాన్యుయెల్ మూడు పాటలు ఒంటరిగా రాశాడు, డిలన్‌తో కలిసి మరొకటి కట్టాడు. రాబర్ట్‌సన్ రాసినవి నాలుగు. రెండవ ఆల్బమ్‌లో మాన్యుయెల్ పేరు రాబర్ట్‌సన్ పేరు పక్కన సహరచయితగా మాత్రమే కనిపిస్తుంది. 1970 నాటి ‘స్టేజ్ ఫ్రైట్’ ఆల్బమ్ తరువాత అది కూడా మాయమవుతుంది. 1975లో వచ్చిన ‘నార్తర్న్ లైట్స్–సదర్న్ క్రాస్’ ఆల్బమ్‌లో ఎనిమిది పాటలకూ రచయిత రాబర్ట్‌సన్ ఒక్కడే.

ఈ వరుసను ఇరుపక్షాలూ రెండు విధాలుగా చదివాయి. 1993లో వెలువడిన తన ఆత్మకథలో హెల్మ్, పాటలు అందరి చేతుల మీదుగా రూపు దిద్దుకున్నాయనీ, పేరూ సొమ్మూ ఒకరికే చేరడం అన్యాయమనీ తీవ్రంగా ఆరోపించాడు. 2016లో వచ్చిన తన ఆత్మకథ ‘టెస్టిమనీ’లో రాబర్ట్‌సన్, తక్కినవారిని రాయమని తానే ప్రోత్సహించాననీ, హెరాయిన్, మద్యం వారిని పనికి దూరం చేస్తుంటే భారమంతా తన మీద పడిందనీ వివరించాడు. అతడు కూడా మత్తుకు పూర్తిగా దూరంగా ఉన్నవాడు కాదు. అయినా పనిచేసే శక్తిని నిలుపుకున్నాడు. ఇద్దరి వాదాలను పక్కపక్కన పెట్టి నిదానంగా చదివిన పాఠకుడికి బాధ కలిగించే విషయం, ఎవరి వాదమూ అబద్ధంగా తోచకపోవడం. పాట ఉమ్మడిగా తయారైంది, భారం ఒక్కడే మోశాడు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి నిజం కాగలవని ఒప్పుకోవడానికి ఇద్దరిలో ఏ ఒక్కరూ సిద్ధపడలేదు.

సాంఖ్య దర్శనం అహంకారాన్ని కేవలం గర్వంగా చూడదు. జరిగినదాన్ని, చేసినదాన్ని, అనుభవించినదాన్ని ‘నాది’ అని తనకు అంటగట్టుకునే అంతఃకరణ వృత్తిగా దాన్ని వివరిస్తుంది. ఈ అర్థంలో చూసినప్పుడు ఒక బృందంలో అహంకారం గట్టిగా మాట్లాడేవాడికి మాత్రమే పరిమితం కాదని స్పష్టమవుతుంది. పాట నాదన్నవాడిలో అది ఎంత ఉందో, నా పాట దోచుకున్నారన్నవాడిలోనూ అంత ఉంది. తెల్లవారి లేచి రాయడానికి కూర్చున్నవాడికి తన శ్రమ కనబడినంతగా, పక్కనున్నవాడి గొంతు లేకపోతే ఆ రాత నిర్జీవమన్న సంగతి కనబడదు. గొంతిచ్చినవాడికి తన గొంతు వినబడినంతగా, ఖాళీ కాగితం ముందు మరొకడు గడిపిన గంటలు కనబడవు. తన శ్రమ లోపలినుంచి తెలుస్తుంది, ఎదుటివాడి శ్రమ ఫలితంగా మాత్రమే అందుతుంది. ఉమ్మడి సృష్టిలో ప్రతివాడూ తన వాటాను నిజాయితీగానే ఎక్కువగా లెక్కవేసుకోవడానికి మూలం ఇదే.

ఈ సహజమైన పొరపాటును సరిదిద్దగలిగేది ఒక్క సంభాషణ మాత్రమే, మత్తు మొట్టమొదట హరించేదీ దాన్నే. మద్యమైనా హెరాయిన్ అయినా మొదట్లో జంకును పోగొట్టి, అలసటను మరిపించి, ఊరూరా తిరిగే జీవితంలోని ఒంటరితనాన్ని కొంత తగ్గిస్తుంది. శరీరం దానికి అలవాటు పడేకొద్దీ అదే ఫలితానికి మోతాదు పెంచవలసి వస్తుంది. చివరికి సుఖం కోసం కాక, మానితే కలిగే బాధను తప్పించుకోవడానికి తీసుకోవలసిన స్థితి వస్తుంది. ఆ దశలో మనిషి రోజంతా ఆ మత్తు ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది. అతడు సాధనకు వేళకు రాలేడు, వచ్చినా మనసు నిలపలేడు, తనకు అన్యాయం జరిగిందని తెలిసినా ఒప్పందం కాగితం ముందు కూర్చుని ఆ మాట స్పష్టంగా అడగలేడు. అడగలేని కోపం లోపలే ముదురుతుంది, దాన్ని చల్లార్చుకోవడానికి మళ్లీ అదే సీసా దిక్కవుతుంది.

అహం, మత్తు ఒకదానికొకటి సాకుగా నిలిచేది ఇక్కడే. సహచరుడు రాలేదు కనుక ఒకడు ఒంటరిగా రాస్తాడు. ఒంటరిగా రాశాడు కనుక పేరూ సొమ్మూ అతనికే వస్తాయి. అది చూసిన సహచరుడు తన అవసరం తీరిపోయిందని మరింత తాగుతాడు. మరింత తాగినవాడికి వాటా ఇవ్వవలసిన అవసరం మొదటివాడికి కనబడదు. ఈ వలయంలో ప్రతి అడుగుకూ ముందు అడుగు సమర్థనగా దొరుకుతుంది. మాన్యుయెల్ రాయడం మానేసినందువల్ల పక్కకు జరిగాడా, పక్కకు జరిగినందువల్ల రాయడం మానేశాడా అన్నది బయటినుంచి ఎవరూ తేల్చలేరు. అతడికి కూడా అది విడదీయరానిదిగానే తోచి ఉండవచ్చు.

1976లో మాన్యుయెల్ పడవ ప్రమాదంలో మెడకు గాయమై ప్రదర్శనలు ఆగిపోయినప్పుడు, ఊరూరా తిరగడం ఇక చాలించాలని రాబర్ట్‌సన్ పట్టుబట్టాడు. ఆ ఏడాది నవంబర్ 25న శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌లాండ్ హాలులో వీడ్కోలు కచ్చేరీ జరిగింది. దర్శకుడు మార్టిన్ స్కోర్సీసీ దాన్ని ‘ది లాస్ట్ వాల్ట్జ్’ పేరుతో చిత్రంగా తీయగా 1978లో విడుదలైంది. ఆ చిత్రానికి రాబర్ట్‌సనే నిర్మాత; కెమెరా కూడా అతని మీదే నిలిచిందని హెల్మ్ జీవితాంతం ఆక్షేపించాడు. 1983లో తక్కిన నలుగురూ రాబర్ట్‌సన్ లేకుండా తిరిగి కలిశారు. 1986 మార్చిలో ఫ్లోరిడాలో ఒక ప్రదర్శన ముగిసిన తరువాత మాన్యుయెల్ 42 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. 1994లో బృందానికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కినప్పుడు హెల్మ్ ఆ సభకు వెళ్లలేదు. 1997లో జపాన్‌లో హెరాయిన్ కేసులో అరెస్టయిన డాంకో 1999 డిసెంబర్‌లో మరణించాడు. 2012 ఏప్రిల్‌లో హెల్మ్ అవసాన దశలో ఉన్నాడని తెలిసి రాబర్ట్‌సన్ ఆసుపత్రికి వెళ్లి కొంతసేపు అతని పక్కన కూర్చున్నాడు. 1970ల మొదట్లో ఒక సాయంత్రం అలా కూర్చుని ఉంటే పాటల లెక్క తేలి ఉండేదేమో.

మత్తు లేకపోతే సరిపోయేదని వాదించేవారికి క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే మరో రాక్ బృందం సమాధానం చెబుతుంది. అక్కడ మాదకద్రవ్యాల పాత్ర ప్రధానం కాదు. పాటలు రాసి, పాడి, నిర్మాణమూ వ్యవహారమూ తానే చూసుకున్న జాన్ ఫోగర్టీ పట్టే బృందాన్ని కూల్చడానికి చాలింది. సొంత అన్న టామ్ 1971లో వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ రచననూ గానాన్నీ పంచుకుని 1972లో ‘మార్డీ గ్రా’ ఆల్బమ్ వెలువరించారు; ఆ పంపకం సహచరులు కోరినదా, ఫోగర్టీ విధించినదా అన్నదానిపై వారు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. విమర్శకులు ఆ ఆల్బమ్‌ను తీసిపారేశారు, బృందం ఆ ఏడాదే ముగిసింది. వైరం ముదిరిన తరువాత జరిగే సమాన పంపకం శిక్షలాగే పనిచేస్తుందనడానికి అది చాలు. దీనికి భిన్నంగా ఆర్.ఇ.ఎమ్. అనే రాక్ బృందంలోని నలుగురూ ఏ పాట ఎవరి దగ్గర మొదలైనా రచయితలుగా నలుగురి పేర్లూ వేయాలని తొలినాళ్లలోనే నిశ్చయించుకున్నారు. 1980లో మొదలైన ఆ బృందం 1997లో ఒక సభ్యుడు తప్పుకున్నా నిలిచి, 2011లో సభ్యులందరి ఇష్టంతో విరమించింది. నలుగురి కృషీ ప్రతి పాటలోనూ సరిగ్గా సమానమని వారు నమ్మి ఉండనవసరం లేదు. సమానంగా పంచుకోవడం వల్ల, ఎవరి కృషి ఎంతో తూచవలసిన పని వారికి తప్పింది. అలా మిగిలిన శక్తి పాటకు దక్కింది.

ప్రతిభ ఉన్నచోట అహం ఉండకూడదని కోరడం వల్ల ప్రయోజనం లేదు. తన స్వరం మీద మొండి నమ్మకం లేనివాడు వందల మంది ముందు నిలబడి పాడలేడు. దుఃఖం ఉన్నచోట మత్తు జోలికి పోవద్దని నీతి చెప్పినందువల్ల కూడా మాన్యుయెల్ వంటివాడు బతికేవాడని అనుకోవడానికి లేదు; వ్యసనం వైద్యమూ తోడూ కావలసిన రోగం. చేయగలిగినది, చేయవలసినది మరొకటి ఉంది. పేరూ సొమ్మూ ఇంకా స్వల్పంగా ఉన్నప్పుడే, అందరి ఒళ్లూ తెలివీ స్వాధీనంలో ఉన్నప్పుడే, ఈ పాటలో నీ వాటా ఇదని ఒకరికొకరు నోరు తెరిచి చెప్పుకుని కాగితం మీద పెట్టుకోవాలి. తరువాత ఎవరైనా జారిపోతున్నప్పుడు ఆ కాగితాన్ని అతనిపై వాడే ఆయుధంగా కాక, అతడు తిరిగి వచ్చి కూర్చోవడానికి ఉంచిన చోటుగా కాపాడాలి. ఐదుగురి ఊపిరి కలిసిన పాటను ఒక్కడి పేరున రాసుకున్నప్పుడు ఆ ఒక్కడికి కూడా మళ్లీ అటువంటి పాట దక్కలేదని ‘ది బ్యాండ్’ చరిత్ర చూపుతోంది. విడిపోయిన తరువాత రాబర్ట్‌సన్ గాని, మిగిలినవారు గాని చేసిన సంగీతంలో విలువైనది ఎంతో ఉన్నా, మొదటి రెండు ఆల్బమ్‌ల ఎత్తు మళ్లీ అందలేదు. కలిసి చేసినదాన్ని కలిసి చేశామని ఒప్పుకోవడం సహచరుడికి చేసే ఉపకారమని భావించేవారు, అది తమ కళకు తాము చేసుకునే రక్షణ అని గ్రహించవలసి ఉంది.