గుడి – గుడిసె

దేవుని నివాసానికి సంస్కృతంలో ఆలయమనీ, మందిరమనీ, ప్రాసాదమనీ పేర్లు ఉన్నవి. తెలుగువాడు ఊరి చివర వేపచెట్టు కింద నాలుగు రాళ్ళు పేర్చి దీపం పెట్టిన చోటును మాత్రం గుడి అన్నాడు. ఈ చిన్న మాట ఎక్కడిది?

గుడి అచ్చమైన ద్రావిడ పదం. తమిళ మలయాళాలలో కుడి అంటే ఇల్లు. తమిళంలో ఆ మాటకే కుటుంబమనీ, ఊరిలో నివసించే ప్రజలనీ అర్థాలు కలవు. అందుచేతనే గణతంత్ర రాజ్యాన్ని వారు కుడియరసు అంటారు. కన్నడంలో గుడి అంటే ఇల్లూ అవును, దేవాలయమూ అవును. బర్రో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెలుగు గుడినీ గుడిసెనూ ఈ ఒక్క కుదురులోనే చేర్చినది. అనగా దేవుని ఇంటికీ పేదవాని పూరిపాకకూ మన పూర్వులు వేరువేరు మూలాలు వెదకలేదు. రెండూ తల దాచుకొనే చోట్లే.

ఇందులో ఒక ధర్మసూక్ష్మం ఉన్నది. ఇల్లు అన్న తరువాత అందులోనికి ఎవరు రావచ్చునన్న ప్రశ్న వస్తుంది. పన్నెండవ శతాబ్దిలో కల్యాణ నగరాన బసవేశ్వరుడు ఎదుర్కొన్న ప్రశ్న ఇదే. కులం పేరిట గుడి వాకిలి మూసినప్పుడు ఆయన ఇష్టలింగాన్ని భక్తుని అరచేతిలో ఉంచి, దేహమే దేవాలయమని బోధించెను. వాకిట నిలిచిపోయినవాడే గుడి అయినాడు. కాయకంతో బ్రతికే ప్రతి మనిషీ శివుని నివాసమైనప్పుడు, అతని గుడిసెను తక్కువగా చూచుట శివుని ఇంటిని తక్కువగా చూచుటయే.

అయితే రాతిగుడి అనవసరమా? అట్లనుట తొందరపాటు. నలుగురు కలిసి కూర్చొని దాసోహం చేయుటకు ఒక చోటు కావలెను. ఆ చోటు తన పేరుకు తగినట్లు ఇల్లుగా ఉన్నదా అన్నదే విచారింపదగినది.

హైదరాబాదు పడమట, శేరిలింగంపల్లి మండలంలోని మియాపూర్‌లో ఈ విచారణ నేడు మరింత అవసరం. 2017 నవంబరులో మెట్రోరైలు ఇక్కడినుండి మొదలైనది. హైటెక్ సిటీలో కొలువు చేసేవారి కొరకు అంతస్తుపై అంతస్తు లేచినది. వాటిని కట్టుటకు సొంత ఊళ్ళు విడిచి వచ్చిన కూలీలు పనిచోటనే రేకుల గుడిసెలలో కాపురముంటారు. కట్టడం ముగియగానే ఆ గుడిసెలు తీసివేయబడతాయి. నివాస సముదాయపు ఆవరణలో ఒక చిన్న గుడి వెలుస్తుంది. ఆ గుడికి ఇటుక మోసిన తల్లి ప్రతిష్ఠనాడు గేటు బయట నిలువవలసి వస్తే, లోపల జరిగిన పూజ ఎవరి ఇంట జరిగినట్లు?

కనుక గుడికి పునాది తీసేవారు ముందుగా పక్కనున్న గుడిసె వైపు చూడవలెను. అందులో మంచినీరు ఉన్నదా, వాన కురిస్తే పసిబిడ్డకు పొడిచోటు ఉన్నదా, ఎదిగిన పిల్లలు బడికి పోతున్నారా అని అడుగవలెను. ప్రతిష్ఠనాటి దాసోహంలో తొలి విస్తరి ఆ ఇంటివారికి వేయవలెను. భాష ఒకే కుదురున నిలిపిన రెండు ఇళ్ళను మనుష్యులు విడదీయరాదు.