బోవేలో కట్టని సగం

ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న పికార్డీకి వెళ్లినవాళ్లు ముందుగా అమియెన్ కెథడ్రల్‌నే మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. 1220లో మొదలుపెట్టి ఓ యాభై ఏళ్లలో చాలామటుకు ముగించారు. ఇలాంటివన్నీ తరతరాలు కట్టారని చెప్పుకుంటాం గానీ, శంకుస్థాపన నాటి పసివాడు ముసలితనంలో ఆ కప్పు కిందే మోకరిల్లి ఉండొచ్చు. 42 మీటర్ల ఎత్తు, ఎక్కడా వంక పెట్టలేని అమరిక. చూశాను, ఆనందించాను, బయటికొచ్చాను. ఆలోచన వెంట రాలేదు. బోవేలో అలా కాదు.

బోవేలోని సెయింట్ పియర్ కెథడ్రల్‌కు పడమటి సగం లేదు. బలిపీఠం ఉన్న తూర్పు భాగం, సిలువలా అటూ ఇటూ చాచిన భుజాలు, ఆ తర్వాత ఒక అడ్డుగోడ. అంతే. 1225లో పని మొదలైంది. 1272కల్లా తూర్పు భాగానికి కప్పు పడింది. నేల నుంచి సుమారు 48 మీటర్లు; అంత ఎత్తున కప్పు వేసిన గోతిక్ చర్చి మరొకటి లేదు. పన్నెండేళ్లకే, 1284లో, అందులో కొంత కూలింది. తప్పు పునాదిదా, గాలిదా, సన్నని ఆనుతోరణాలదా అని ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నన్ను పట్టుకున్నది మాత్రం కూలాక వాళ్లు చేసిన పని. ఎత్తు తగ్గించలేదు. స్తంభానికీ స్తంభానికీ నడుమ ఇంకో స్తంభం నిలిపి, మళ్లీ అంతెత్తునే కప్పారు.

పదహారో శతాబ్దంలో భుజాలు పూర్తయ్యాయి. ఇక పడమటి మండపం కట్టాలి. శిఖరం ఎత్తారు! 153 మీటర్లు. 1569లో ముగిసింది, 1573లో ఆరోహణ పండుగ రోజున, జనం ఊరేగింపుగా బయటికి వెళ్లాక, కుప్పకూలింది. పడమట ఆనుకోవడానికి మండపం ఉంటే నిలిచేదేమో. తూర్పు భాగం గురువులది, మండపం జనానిది. ఎత్తంతా దేవుడి కోసమే అన్నవాళ్లు జనం నిలబడే చోటు దగ్గరే చేతులెత్తేశారు. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. అలాగని గట్టిగా తప్పుపట్టనూ లేను, ఆ కప్పు కింద నా మెడా వెనక్కి వాలింది కదా.

మండపం రావలసిన చోట పదో శతాబ్దపు చిన్న చర్చి ఒకటుంది, బాస్ ఎవ్ర్. కొత్తదాని కోసం దాన్ని కొంత పడగొట్టారు. కొత్తది ముందుకు సాగలేదు కాబట్టి మిగతాది బతికిపోయింది. పాతవన్నీ ఎవరో భక్తితో కాపాడితేనే మిగిలాయని నమ్ముతాం. ఇది ఖజానా ఖాళీ అయి మిగిలింది.

ఆనుగోడలను కలిపే ఇనుప కడ్డీలు కొన్ని 1960లలో అనవసరమని తీసేశారు. గాలికి కట్టడం ఊగడం ఎక్కువయ్యేసరికి ఉక్కువి తెచ్చి మళ్లీ బిగించారు. ఉత్తరపు భుజంలో 1990లలో పెద్ద పెద్ద దూలాలు ఆనించారు. అవి అందాన్ని చెడగొట్టాయని నా పక్కనెవరో విసుక్కున్నారు. 1284 తర్వాత ఇరికించిన స్తంభాలకూ వీటికీ నాకేం తేడా కనబడలేదు. అవి రాతివి, ఇవి కర్రవి.