కుడిచెయ్యి పట్టి లేవనెత్తుట

యెరూషలేము దేవాలయ ద్వారమునొద్ద కుంటివాడొకడు కూర్చుండెడివాడు. అనుదినము ఎవరో వానిని మోసికొని వచ్చి అక్కడ దింపుచుండిరి. వాని చేతిలో పైసలు వేసినవారు అనేకులు. వారు చెడ్డవారు కారు. అయినను సాయంకాలమునకు వాడు మరల ఒకరి వీపుమీద ఇల్లు చేరవలసినవాడే. పేతురు యోహానుల యొద్ద సొమ్ము లేదు. పేతురు వాని కుడిచెయ్యి పట్టి లేపెను. యేసు నామమున వాని పాదములకు బలము కలిగెను. ఆ దినము వాడు తన కాళ్లతోనే మందిరములో ప్రవేశించెను.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, పేదవానికి సహాయము చేయవలెనా అను సందేహము క్రైస్తవునికి లేదు. మిగిలిన ప్రశ్న ఇది: మన సహాయము పొందినవాడు రేపు మరల మన గుమ్మమునొద్దకే రావలసియుండునా, లేక తన కాళ్లమీద నిలుచునా? ఆఫ్రికా పల్లెలలో మిషను పని చేయువారికిని, కరీంనగరు ఆదిలాబాదు పల్లెలలోని మనకును ఈ ప్రశ్న ఒక్కటే.

ఆకలిగొన్నవానితో నీ కాళ్లమీద నీవే నిలువుమనుట కఠినత్వము కాదా అని కొందరడుగుదురు. అవును, కఠినత్వమే. మొదట వాని ఆకలి తీర్చవలెను. అయితే ఆకలి తీర్చుటలోను వాని గౌరవమును కాపాడు మార్గమున్నది. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పనిలో ఒక భాగమును తానే కంట్రాక్టు తీసికొని, వేలమందికి పార, తట్ట, రోజుకూలి ఇచ్చి బ్రతికించెను. ఆ సహాయము సాగినంతకాలము ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. కూటికొరకు విశ్వాసమును అమ్ముకొను శోధన పేదలకు కలుగకూడదని ఆయన తలంపు. ఇక ఇచ్చుటకు సొమ్ము లేదని చెప్పిన పిమ్మటను వారు వచ్చిరి. 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన మెదకులోను పోస్నెట్ దొరగారు కరవుకాలమున జనులకు దేవాలయ నిర్మాణములో పని కల్పించెను. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన ఆ మందిరమును కట్టినది ఆ కూలిచేతులే.

దొర్నకలు చరిత్ర ఇంకొక మెట్టు పైకి పోవుచున్నది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్వదేశపు ధనముతో, స్వదేశపు మనుష్యులతో ఒక మిషను స్థాపించి తెలుగువారి యొద్దకు పంపిరి. అందులో పనిచేసిన అజరయ్యగారు 1912లో దొర్నకలు బిషపు అయిరి. రెండేండ్లకు పూర్వము, 1910లో, ఎడింబరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీలను వేడినది ధనమును కాదు, స్నేహమును. ఆయన సంఘస్థులలో అధికులు భూమిలేని కూలివారు. అట్టివారే ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి దేవుని కొరకు ఉంచిరి. కోతకాలమున ధాన్యమును, కోళ్లను కానుకగా తెచ్చిరి. పుచ్చుకొనుటే తప్ప ఇచ్చుట ఎరుగరని లోకము తలంచినవారు ఇచ్చువారైరి. స్వయంపోషణ అనగా ఇదియే. ఒకరి సహాయము అక్కరలేదను గర్వమునకు ఆ పేరు తగదు.

బిచ్చము వేయునప్పుడు ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి క్రింద ఉండును. లేవనెత్తునప్పుడు రెండు చేతులు ఒకదానినొకటి పట్టుకొనును. ఇచ్చువానికి ఇక్కడ ఒక రహస్య శోధన గలదు: ఎల్లప్పుడు తన అవసరము ఇతరులకు ఉండవలెనని కోరుట. ఎవడు లేచి నడచి మనలను విడిచి పోవునో, వానిని చూచి సంతోషింపగలమా? మన ప్రేమకు అదే పరీక్ష. అయితే మంచమెక్కిన వృద్ధులను, లేవలేని రోగులను కడవరకు మోయుట మన ధర్మము. వారిని నిలువుమని చెప్పుటకు మనకు అధికారము లేదు.

మన సుల్తానాబాదు చుట్టు నేడు కాలువ నీళ్లు పారుచున్నవి, బియ్యపు మిల్లులు ఆడుచున్నవి. అయినను చర్చి కప్పు కారునప్పుడు మన కన్నులు హైదరాబాదు వైపో, గల్ఫు వెళ్లిన బిడ్డల వైపో, విదేశపు దాతల వైపో తిరుగుటలేదా? సంఘములో ఒక విధవరాలికి పండుగకు చీర పెట్టుట మంచిదే. ఆమెకు రెండు మేకలను కొనిపెట్టి, తొలిపిల్లను ఇంకొక పేదరాలికి ఇచ్చు భాగ్యమును ఆమెకే విడుచుట అంతకంటె మంచిది. అప్పుడు ఆమెయు దాత యగును.

ఈ ఆదివారము కానుకపెట్టెలో వేయుటతోనే పని ముగిసెనని తలంపక, మీ వాడలో ఎవరి చెయ్యి పట్టవలెనో ప్రభువును అడుగుడి. వారు మీ కంటె వేగముగా నడచునంతవరకు ఆ చెయ్యి విడువకుడి. ఆమేన్.