కామ్యమైన దయ

ఒక ప్రాణికి మేలు చేయుచు, ఆ మేలువలని లాభమును తానే అనుభవించువాని కర్మ పుణ్యమా, వ్యాపారమా అను ప్రశ్న కొత్తది కాదు. తవుడును తెలకపిండియు గుప్పెడు ఉప్పును కలిపిన కుడితిని ఎద్దు ముందుంచు రైతును ఈ ప్రశ్న బాధింపదు. ఎద్దు కడుపు నిండుటయు తన కాడి సాగుటయు అతనికి వేరువేరు సంగతులు కావు. సముద్రపు నాచునుండి తీసిన ద్రవ్యములను దాణాలో కలుపు విద్య ఐరోపాలోని పందుల పెంపకమున ఆదరము పొందుచున్న ఈ కాలమున మాత్రము, ఆ రెంటికిని నడుమ నున్న సందు స్పష్టముగా కనబడుచున్నది.

గోధుమవన్నె నాచులలో లామినారిన్ అను పదార్థము కలదు. అది పందిపిల్ల జీర్ణరసములకు లొంగక పెద్దప్రేగును చేరి, అచ్చటి సూక్ష్మజీవులచే పులిసి, ప్రేగుగోడ కణములకు ఆహారమగు బ్యూటిరేటును పుట్టించును. దేహరక్షక కణములును దానిని గుర్తించి మేలుకొనును. ప్రయోగముల ఫలము లన్నియు ఒక్కరీతిగా లేకున్నను, తల్లిపాలు మాన్పిన పిల్లలకు విరేచనములు తగ్గి ఒళ్లు చేయుట పలుమార్లు కనబడినది. నాచు కేవలము అమృతమును కాదు: అందలి అయొడిన్ మితిమీరినచో చూలుగుఱ్ఱము కడుపులోని పిల్లకు గళగండము కలుగును.

అయినను ఆ విరేచనములు ఎక్కడివి? స్వేచ్ఛగా తిరుగు తల్లిపంది మూడు నాలుగు మాసములపాటు క్రమక్రమముగా పాలు మాన్పును. కొట్టములో ఆ పని మూడు నాలుగు వారములకే, ఒక్కదినమున ముగియును. తల్లిని, పాలను, పరిచితమైన చోటును ఏకకాలమున కోల్పోయిన పిల్ల ప్రేగు చెడుటలో వింత లేదు. పెరుగుదలను హెచ్చించుటకై దాణాలో కలుపు యాంటీబయోటిక్కులను ఐరోపా సమాఖ్య 2006లో నిషేధించినది; ఔషధమాత్రలో వాడు జింక్ ఆక్సైడును 2022లో మాన్పించినది. అందరి చూపు నాచుపై పడుటకు ఇది ముఖ్యకారణము. మన తొందర కల్పించిన రోగమునకు సముద్రము మందిచ్చుచున్నదన్నమాట.

మీమాంసకులు నిత్యకర్మను, కామ్యకర్మను వేరుచేసిరి. ఫలాపేక్షతో చేయునది కామ్యము. అది దోషము కాదు, కాని చేయక తప్పని విధియు కాదు. నాచుద్రవ్యమును పందిపిల్లకు పెట్టుట కామ్యమే. దాని కడుపునొప్పి తగ్గుట సత్యము, అందుచే ఆ పనిని నిందించువాడు మూర్ఖుడు. దానినే జీవకారుణ్యమని చాటుకొనువానితోనే నాకు పేచీ.

ఇంతకన్న చిక్కైన సంగతి స్కాట్లండునకు ఉత్తరమున, ఆర్క్నీ దీవులలోని నార్త్ రొనాల్డ్‌సేలో కలదు. పంటభూమిని గొఱ్ఱెలనుండి కాపాడుటకై 1832లో దీవి చుట్టును రాతిగోడ కట్టి, వానిని ఒడ్డునకు తోలివేసిరి. ఈనెడు కాలమున తల్లులను లోనికి తెచ్చుట తప్ప, తక్కిన దినములలో వాని మేత నాచే. ఆ గొఱ్ఱెలు ప్రొద్దునుబట్టి గాక పాటుపోటులనుబట్టి జీవించును: నీరు తీసినప్పుడు మేయును, పోటెత్తినప్పుడు నెమరువేయును. శీతకాలపు తుపానులు నాచును గుట్టలుగా ఒడ్డున వేయుటచే, ఇతర గొఱ్ఱెలు చిక్కు ఋతువులోనే ఇవి బలియును. నాచులో రాగి స్వల్పమగుటచే దొరికినదానిని దొరికినట్లు పీల్చుకొనుట వాని దేహమునకు అబ్బినది. అందుచే ఎల్లకాలమును పచ్చికపై మేపినచో ఆ రాగియే విషమగును. వెలివేసినవారి స్వార్థమే మూలమైనను, నేడు ఆ గొఱ్ఱెకు ఒడ్డే స్వస్థానము, నాచే స్వధర్మము. ఇట్టి ప్రాణికి గోడ తొలగించుట దయ యగునా? కాదని నా అభిప్రాయము.

పందిపిల్ల విషయమున అట్టి చిక్కు లేదు. దాని దేహము ఇంకను తల్లిపాలనే కోరుచున్నది. ఐరోపా చట్టము 28 దినములలోపల పాలు మాన్పరాదనుచునే, ప్రత్యేకమైన కొట్టమునకు తరలించునెడల 7 దినములు ముందుగా మాన్పుటకు అనుమతించుచున్నది. నాచుద్రవ్యము చేతికి వచ్చిన రైతు ఆ వారమును పిల్లకు తిరిగి ఇచ్చునో, మందున్నది గదా యని మరింత ధైర్యముగా వాడుకొనునో చూడవలసియున్నది.