మందలింపు: శరణుల త్రోవ

తప్పు చేసినవానితో మాటలాడు తీరులకు తెలుగున పదములు కొల్లలుగా కలవు. తిట్టుట వేఱు, గద్దించుట వేఱు, చీవాట్లు పెట్టుట వేఱు, నిందించుట వేఱు. మనిషి లేనిచోట అతని తప్పును చెప్పిన అది చాడీ యగును. పదిమంది నడుమ చెప్పిన అది పరువు తీయుట యగును. వీనిలో ఏదియు కాక, విడిగా నిలుచు మాట మందలింపు. మందలించువాడు తప్పును తప్పనియే చెప్పును, దానిని కప్పిపుచ్చడు. అయినను తప్పు చేసినవానిని చిన్నబుచ్చడు. ఈ రెంటిని ఒక్క నోట చేయుట ఎంత కష్టమో పిల్లలను పెంచిన ప్రతి తల్లికిని, శిష్యులను పెంచిన ప్రతి మఠమునకును తెలిసిన సంగతియే.

ఈ మాటకు తెలంగాణ పల్లెలలో మఱియొక అర్థము కలదు. అచ్చట మందలించుట యనగా పలుకరించుట, యోగక్షేమములు విచారించుట. చావు జరిగిన యింటికిని, జబ్బుపడినవాని మంచము కడకును పోవువారు "మందలిచ్చి వస్తం" అని బయలుదేఱుదురు. దారిలో ఎదురైన బంధువు తల త్రిప్పుకొని పోయినచో "కనీసం మందలియ్యలేదు" అని నొచ్చుకొందురు. నెల్లూరు సీమలో మందల యనగా సంగతి, విశేషము. అచ్చటివారు కలిసినంతనే "ఏం మందల?" అని యడుగుదురు. ఇవి వేర్వేఱు సీమల వాడుకలే. కాని సరియైన మందలింపు జరుగుచున్నపుడు దగ్గఱనుండి గమనించినవారికి ఈ మూడును ఒకే పనిలోని మూడు మెట్లుగా కనబడును. మొదట సంగతి తెలిసికొనవలెను; పిదప మనిషిని పలుకరింపవలెను; ఆ తరువాతనే తప్పును ఎత్తవలెను. మొదటి రెండు మెట్లను దాటవేసి మూడవదాని మీదికి ఎగబ్రాకువాడు గద్దించుచున్నాడు గాని మందలించుట లేదు.

శరణుల కథలలో ఇందులకు మిక్కిలి చక్కని నిదర్శనము ఆయ్దక్కి లక్కమ్మది. ఆమె భర్త మారయ్య. రాయచూరు సీమలోని అమరేశ్వరమునుండి ఆ దంపతులు కల్యాణమునకు చేరిరి. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏఱి తెచ్చుట మారయ్య కాయకము. ఆ పేరునకు అర్థమును అదియే. ఆ బియ్యమునే లక్కమ్మ వండి జంగమ దాసోహము జరిపెడిది. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చు కొలతకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. బసవన్నయే ఆ దంపతుల నిష్ఠను లోకమునకు చూపదలచి ఎక్కువ గింజలు చల్లించెనని చెప్పుదురు. ఏదియైనను, మారయ్య చేసినది దొంగతనము కాదు. నేలమీద పడియున్నవానినే ఏఱెను. ఇంటికి తెచ్చినది తన పొట్టకును కాదు, దాసోహమునకే. సమర్థించుకొనదలచినవానికి ఇంతకంటె మంచి సాకు దొరకదు.

లక్కమ్మ ఆ బియ్యమును చూచెను. చూచినంతనే తేడా పట్టెను. ప్రతిదినమును కొలిచి వండు చేయి గనుక ఆమెకు తెలిసెను. దూరమున కూర్చుండి తీర్పు చెప్పువారికి ఈ తెలివి దొరకునది కాదు. పిదప ఆమె భర్తను అడిగెను. ఈ ఎక్కువ గింజల వెనుక నున్న తలపు ఎవరిదని విచారించెను. అవసరమునకు మించిన ఆశ శరణునకు తగదని, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసి రమ్మని చెప్పెను. ఆమె వచనములలో భర్తను సంబోధించు తీరు గౌరవముతో కూడినదే. మాట మాత్రము ఇనుమువలె గట్టిది. మఱియొకప్పుడు మారయ్య గోష్ఠిలో మునిగి కాయకము మఱచినపుడును ఆమెయే గుర్తుచేసి పంపెను. రెండు సందర్భములలోను మారయ్య వాదింపలేదు, లేచి పోయెను.

ఇందులో తఱచుగా గమనింపబడని విషయమొకటి కలదు. ఆ బియ్యమును తిరిగి పోసినందువలన తఱుగునది లక్కమ్మ కుండయే. ఎక్కువ బియ్యము ఇంట నున్నచో మఱునాటి చింత ఆమెకే తగ్గును. అనగా ఆమె తన మందలింపునకు వెల తానే చెల్లించెను. నేడు పెద్దలు చేయు మందలింపులలో అనేకము ఈ పరీక్షకు నిలువవు. కోడలు పొదుపు చేయలేదని మందలించు అత్త తన కూతురి దుబారాను గూర్చి పలుకదు. మఠమునకు రాని యువకులను మందలించు పెద్దలు, వచ్చిన యువకునకు కూర్చుండుటకు చోటు చూపరు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అను సామెత ఊరక పుట్టలేదు.

ఒక సామాన్యమైన సంగతిని తీసికొని చూడవచ్చును. జహీరాబాదు వైపు పల్లెనుండి హైదరాబాదునకు పోయి ఉద్యోగము చేయు లింగాయత కుమారుడొకడు మెడలోని ఇష్టలింగమును తీసి పెట్టెలో దాచెననుకొనుడు. పెండ్లి పందిరిలో ఒక పెద్ద అది గమనించెను. "లింగం లేని మెడ, శివుడు లేని గుడి!" అని అందఱు వినునట్లు అనెను. పందిరి నవ్వెను. కుమారుడు తల వంచుకొని భోజనము ముగించెను, అటుపైన బంధువుల పెండ్లిండ్లకు వచ్చుట మానెను. ఆ పెద్ద చెప్పినది అబద్ధము కాదు. లింగధారణ వదలుట వీరశైవునకు చిన్న లోపమును కాదు. కాని ఆ మాటకు పిదప లింగము మెడలోనికి రాలేదు. మెడయే కనబడకుండ పోయెను.

అదే కుమారుని మేనమామ మఱునాడు అరుగుమీద కూర్చుండబెట్టుకొని "ఏం బిడ్డా, మంచిగున్నవా? వంట ఎవరు చేస్తున్నరు? పొద్దుగాల ఎన్నింటికి లేస్తున్నవు?" అని అడిగెననుకొనుడు. గంటసేపటికి సంగతి మెల్లగా బయటికి వచ్చును. తల్లి పోయిన నాటినుండి వానికి పూజకు కూర్చుండ మనసొప్పలేదు. చిన్ననాడు లింగమును చేతిలో పెట్టి కూర్చుండబెట్టినది ఆమెయే గనుక, అరచేతిలో లింగమును చూచినంతనే ఆమె చేయి గుర్తు వచ్చును. పందిరిలోని పెద్ద దానిని నాస్తికత అనుకొనెను. అరుగుమీది మేనమామకు అది దుఃఖమని తెలిసెను. తెలిసిన పిదప అతడు చెప్పవలసినది చెప్పును: "తీసి పెట్టెల పెట్టుడు తప్పు బిడ్డా. అమ్మ ఇచ్చిందాన్ని చీకట్ల పెడ్తవా? రేపు నేను కూసుంట నీతోని." తప్పు అను మాట ఇచ్చటను వినబడినది. కాని దానికి ముందు ఒక పలుకరింపును, దానికి వెనుక ఒక తోడును కలవు. నేడు బంధువుల వాట్సాప్ గుంపులలో పేరు పెట్టి వ్రాయు హితవులు ఆ పందిరి మాట జాతివే. పందిరి నవ్వు సాయంత్రమునకు ఆగును, ఇవి రాత్రియంతయు చేతులు మాఱుచునే యుండును.

శరణులెల్లరు మెత్తగనే మాటాడిరా యను ప్రశ్న న్యాయమైనది. మాటాడలేదు. రాతిపామునకు పాలు పోసి ప్రాణమున్న పామును కొట్టువారిని బసవన్న వదలలేదు. అల్లమప్రభువు సొన్నలిగెకు పోయి, చెఱువులను గుడులను కట్టించుచున్న సిద్ధరాముని ఎంత కఠినముగా పలికెనో శూన్యసంపాదనలో చదివినవారు ఎఱుగుదురు. అది విని అచ్చటి పనివారు రాళ్లు విసరిరి. మందలింపు మెత్తనిదిగనే యుండవలెనని పట్టుపట్టినచో ఈ ఘట్టములు దానికి లొంగవు.

అయితే ఆ కాఠిన్యము ఎవరిమీద పడినదో చూడవలెను. బసవన్న వచనములలోని కత్తి పేరుగల మనిషి మీదికంటె నడవడి మీదనే ఎక్కువగా పడినది. అన్నిటికంటె ముందు తన మీదనే పడినది. శరణులలో తనకంటె చిన్నవాడు లేడని చెప్పుకొన్నవాడు అతడు, లోకమును సరిచేయబోవుటకు ముందు తన్ను తాను సరిచేసికొనవలెనని చెప్పినవాడును అతడే. ఇక అల్లముడు సిద్ధరాముని పలికినది సామాన్యుని నలుగురిలో కించపఱచుట వంటిది కాదు. ఊరంతయు చేతులు మోడ్చుచున్న యోగిని, అతని ఊరిలోనే, అతని మనుష్యుల నడుమనే పలికెను. రాళ్లదెబ్బలకు సిద్ధపడి పలికెను. పలికి తన దారిన తాను పోలేదు. సిద్ధరాముని వెంటబెట్టుకొని కల్యాణము వఱకు నడచెను. బలవంతునకు గట్టిగా చెప్పుట ధైర్యము కావచ్చును. అదే గొంతును ఇంట కోడలిమీదను, పనివానిమీదను, పదునాఱేండ్ల పిల్లవానిమీదను వాడి అల్లముని పేరు చెప్పుకొనుటలో ధైర్యమేమియు లేదు. పిలుపులోనే స్వర్గనరకములను చూచిన బసవన్న, గొంతు నెట్లు వాడవలెనో చెప్పక చెప్పినట్లే.

పలుకరించి, సంగతి తెలిసికొని, వెల చెల్లించి పలికిన మందలింపు గూడ ఒక్కొకప్పుడు తప్పు కావచ్చును. మందలించినవాడే పొరబడవచ్చును. పెద్దలకు అసలు చిక్కు ఇచ్చటనే వచ్చును, ఏలయన చిన్నవారి తప్పునకు మందలింపు కలదు గాని పెద్దల మందలింపులోని తప్పునకు ఏమి కలదో ఇండ్లలో ఎవరును చెప్పరు.

పదుమూడవ శతాబ్దివాడని చెప్పబడు పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణములో దీనికి ఒక కథ చెప్పినాడు. సోమనాథుని ఊరు నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. మందలించుట యనగా పలుకరించుట అను సీమయే అది. ఆ కథలో కిన్నర బ్రహ్మయ్య యను శరణుని భోజన సందర్భమున ఉల్లి కనబడగా బసవన్న దానిని తగదని పలికెను. పలికినవాడు మంత్రి, భక్తులకు పెద్దదిక్కు. ఆ పలుకులో ద్వేషమేమియు లేదు, ఆచారము నెఱిగినవాడు చెప్పు మాటగనే చెప్పెను. కాని బ్రహ్మయ్యకు అది ములుకువలె తగిలెను. శివునకు నివేదింపగోరిన భక్తుని వంటను తక్కువ చేసినట్లు తోచెను. ఆతడు అలిగి వెడలిపోయెను.

బసవన్న చేసినది చూడుడు. తన మాట శాస్త్రసమ్మతమని వాదింపలేదు. తన ఉద్దేశము మంచిదని కబురు పంపలేదు. మంచి ఉద్దేశమును ముందు నిలిపి మాటను వెనుక దాచుట పెద్దలకు అలవాటైన దారి. బ్రహ్మయ్య కోపము తగ్గువఱకు ఓపిక పట్టుద మనుకొనలేదు. తాను తగదన్న ఆ ఉల్లినే గౌరవించెను, అందఱు చూడగా ఉత్సవముగా ఊరేగించెను. కల్యాణ వీథులలో వాసనకు ముక్కు మూసికొనినవారును ఆనాడు ఉండియే యుందురు. ఒక్క మాటకు ఇంత ఆర్భాటమేమిటని కొందఱు నవ్వియు నుందురు. కాని బ్రహ్మయ్య నొచ్చుకొన్నది చాటున కాదు గనుక, బసవన్న దిద్దుకొనుటయు చాటున జరుగలేదు. బ్రహ్మయ్య అలుక తీఱెను.

ఈ కథను మఠములలో చెప్పునపుడు బసవన్న భక్తవాత్సల్యమునకు గుర్తుగా చెప్పుట వాడుక. అది నిజమే. దానితో గూడ, చెప్పువాడు మెట్టు దిగుట ఎట్లో తెలిపెడి కథగా చెప్పుటయు తగును. ఉల్లి ఇప్పటికిని అనేక శైవ గృహములలో వంటింటికి రాదు. బసవన్న ఆచారమును విడిచినట్లును ఆ కథ చెప్పదు. ఆచారము ఆచారముగనే ఉండగా, దాని పేర ఒక మనిషి మనసు గాయపడినపుడు ఎవరు ముందు లేవవలెనో మాత్రము అది తేల్చినది.

పెండ్లి పందిరిలో మాట విసరిన ఆ పెద్ద వద్దకు మరల రావచ్చును. అతడు చెడ్డవాడు కాడు. లింగధారణ ఇంట ఇంట తఱిగిపోవుచున్నదని నిజముగనే బాధపడువాడు. ఆ బాధయే నోట పరిహాసమై వచ్చినది. మేనమామ చెప్పగా కుమారుని తల్లి సంగతి అతనికిని తెలియును. తెలిసిన నాడు అతని యెదుట రెండు దారులు కలవు. "పిల్లవాని మేలు కోరియే అన్నాను" అని అరుగుమీద కూర్చుండవచ్చును. లేనిచో చేతికఱ్ఱ తీసికొని బస్సెక్కి, మూడంతస్తులు ఎక్కి, తలుపు తట్టి, "మందలిచ్చి పోదమని వచ్చిన బిడ్డా" అని గడపలో నిలువవచ్చును.