చెవిలోని చిన్న సేవకుడు

పఠనభాగము: 1 రాజులు 19:9–14

మనుష్యుని మధ్యచెవిలో అంకవన్నెను పోలిన చిన్న ఎముక ఒకటి కలదు. రౌతు పాదము మోపు ఆ అంకవన్నెనుబట్టియే పండితులు దానికి లాటిను భాషలో స్టేపిస్ అని పేరిడిరి. ప్రాచీన రోమీయులు అంకవన్నెను ఎరుగరు గనుక ఆ పదమును తరువాతి కాలమువారు కూర్చవలసివచ్చెను. ఆ ఎముకను అంటియుండు కండరమునకు స్టెపీడియస్ అని పేరు. ఎముకలను కదల్చు కండరములన్నిటిలో ఇదియే మిక్కిలి చిన్నది; దాని పొడవు సుమారు 6 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇంత చిన్నదాని పని యేమి? గొప్ప ధ్వని చెవిని తాకినప్పుడు అది బిగిసి, ఎముక కదలికను తగ్గించును. అంతకంటె ఆశ్చర్యమైన సంగతి మరియొకటి కలదు. మనుష్యుడు మాటలాడబోవునప్పుడు, స్వరము వెలువడకమునుపే అది బిగియును. తన స్వరమే తన చెవిని నింపివేయకుండునట్లు సృష్టికర్త చేసిన యేర్పాటిది. ముఖనరము చచ్చుపడి ఈ కండరము పనిచేయనప్పుడు సామాన్య ధ్వనులు సయితము బాధ కలిగించును.

అయినను దీని శక్తికి మేర కలదు. హఠాత్తుగా ప్రేలు ధ్వనిని అది ఆపజాలదు. ఎడతెగని రొదకు అలసిపోవును. కావున వినుట గడియ వచ్చినప్పుడు గాక, ముందుగానే నేర్చుకొనవలసినది.

2004 డిసెంబరు 26, ఆదివారము, క్రిస్మసు మరునాటి ఉదయమున అండమాను నికోబారు దీవులు భూకంపమువలన కంపించెను. పిమ్మట సముద్రము పొంగి వేలమందిని హరించెను. చిన్న అండమానులోని ఓంగీ జనులు పెద్దలు తరతరములుగా చెప్పిన మాటను జ్ఞాపకము చేసికొని, మెట్టప్రదేశమునకు పోయి బ్రదికిరి. ఆ మాట సముద్రఘోషలో వినబడినది కాదు. నెమ్మదిగల దినములలో విని దాచుకొనినది. నశించినవారు వినలేదని దీని భావము కాదు. వారిలో ముందుదినమున రక్షకుని జననమును కొనియాడిన నికోబారు విశ్వాసులును కలరు. వారి మరణమునకు కారణము చెప్పుట మనుష్యుల పని కాదు.

హోరేబులో ఏలీయా యెదుట గాలియు భూకంపమును అగ్నియు దాటిపోయెను. ప్రభువు వాటిలో లేడు, మెల్లని స్వరముతో ప్రవక్తను పలుకరించెను. తానొక్కడే మిగిలెనను సణుగుడుతో అతని చెవి అదివరకే నిండియుండెను. అనేకుల ప్రార్థనయు నేడు ఆలాగుననే యున్నది: మాటలు విస్తారము, ఆలకించుట స్వల్పము. భార్య దుఃఖము, బిడ్డ భయము, పొరుగువాని మొఱ్ఱ ఆ రొదలో మునిగిపోవుచున్నవి.

చెవిలోని సేవకుడు యజమాని మాటలాడకమునుపే తన పని చేయుచున్నాడు. విశ్వాసియు నోరు తెరువకమునుపే తన స్వరమును తగ్గించుకొనును గాక. చెవిని కలుగజేసినవాడు వినగల హృదయమును అతనికి అనుగ్రహించును గాక.